కొబ్బరికాయ కొట్టాం కదా, ఇంకేం కావాలి?

నల్లగొండలో ఎవరైనా ఒక పని చేస్తే, ఎందుకు చేశాడో ఆయనకంటే ముందు ఊరికి తెలుస్తుంది. రామగిరిలో ఒకాయన ఇంటికి సున్నం వేయించాడనుకోండి. సాయంత్రానికల్లా గడియారం సెంటర్ టీ హోటల్లో విచారణ పూర్తవుతుంది. బిడ్డకు సంబంధం చూస్తున్నాడని ఒకరు. కాదు, వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడతాడని ఇంకొకరు. "బైపాస్ కాడ ప్లాటు అమ్మిండు, పైసలు ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు" అని మూడో ఆయన. చివరికి మూడో ఆయన మాటే నెగ్గుతుంది, ఎందుకంటే ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. పాత సున్నం పెచ్చులూడిపోయింది కాబట్టి కొత్తది వేయించి ఉంటాడని అనే మనిషికి ఆ బెంచీ మీద కూర్చునే అర్హత లేదు.

దీన్ని పనిలేని ముచ్చట అనేవాళ్లున్నారు. అది అన్యాయం. మనిషి చేసే పనుల వెనక ఉన్న ఉద్దేశాలను కనిపెట్టడానికి అమెరికాలో యూనివర్సిటీలు కట్టారు, ప్రొఫెసర్లకు జీతాలిస్తున్నారు. మనం అదే పని వన్ బై టూ చాయ్‌తో లాగించేస్తున్నాం. పైగా వాళ్లకు తేలిన విషయం కూడా మన బెంచీకే బలం చేకూరుస్తుంది. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. దుకాణంలో నాలుగు జతల ఆడవాళ్ల మేజోళ్లు వరుసగా పెట్టి, ఏది బాగుందో చెప్పమని వచ్చినవాళ్లను అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే సరుకు. అయినా ఎక్కువమంది కుడి చివర ఉన్న జతనే మెచ్చుకున్నారు. ఎందుకమ్మా అంటే నేత బాగుందన్నారు, పల్చగా ఉందన్నారు. కుడి పక్కన ఉందని తీసుకున్నారేమో అని అడిగితే, అడిగినవాడికి మతి సరిగ్గా ఉందా లేదా అన్నట్టు చూశారు.

అంటే, తాను ఒక పని ఎందుకు చేశాడో చేసినవాడికే సరిగ్గా తెలియదు. ముందు చేసేస్తాడు, కారణం తర్వాత అల్లుకుంటాడు. ఈ సంగతి ప్రకాశం బజార్ చీరల దుకాణాల్లో ఏ ప్రొఫెసరూ చెప్పకముందు నుంచే తెలుసు. కాబట్టి నేను అడిగేదేమిటంటే, చేసినవాడికే తెలియని కారణాన్ని చూసినవాళ్లు కూర్చుని, ఓపిగ్గా, ఖర్చు పెట్టుకుని కనిపెడుతుంటే వాళ్లను మెచ్చుకోవాలా, తిట్టాలా?

అయితే ఈ శాస్త్రానికి ఒక గట్టి నియమం ఉంది. పక్కవాడు నడక మానేస్తే వాడు బద్ధకస్తుడు. మనం మానేస్తే ఆ వారం ముసురు పట్టింది. పక్కవాడి కొడుకు ఫెయిలైతే పెంపకం బాగాలేదు, మనవాడు ఫెయిలైతే పేపర్ అవుట్ ఆఫ్ సిలబస్ వచ్చింది. ఎదుటివాడి పనికి వాడి గుణాన్ని, మన పనికి మన పరిస్థితిని కారణంగా చూపడం గురించి మనస్తత్వ శాస్త్రంలో పెద్ద చర్చే జరిగింది. లీ రాస్ అనే ఆయన ఇందులో సగానికి, అంటే ఎదుటివాడి పరిస్థితిని లెక్కలోకి తీసుకోకుండా గుణం మీదికి నెట్టేయడానికి, పొరపాటు అని పేరు పెట్టాడు, అదీ 1977లోనే. పొరపాటు అన్నాడంటే పాపం ఆయనకు బావమరుదులు లేరేమో.

ఇక సొంత లక్ష్యాల దగ్గరికి వద్దాం. జనవరి 1 తెల్లవారుజామున ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లి చూడండి. కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు, చెవులకు మఫ్లర్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీలు. ఒక్కొక్కరూ గ్రౌండ్ మధ్యలో నిలబడి ఫొటో దిగుతారు. ఆరున్నరకల్లా ఆ ఫొటో స్టేటస్‌లోకి ఎక్కుతుంది. ఏడింటికి బావగారు బొటనవేలు పంపిస్తాడు, ఏడుంపావుకు మేనత్త "మంచి పని చేసినవ్ బిడ్డా" అని వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఎనిమిదింటికి ఇడ్లీ, వడ. సంక్రాంతి నాటికి గ్రౌండ్‌లో మిగిలేది ఎప్పుడూ నడిచే నలుగురు రిటైర్డ్ సార్లు, పోలీసు ఉద్యోగాలకు పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలు, కుక్కలు.

దీన్ని ఓటమి అనడం మన తెలివితక్కువతనం. 2009లో పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతోటివాళ్లు లా చదివే విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. మంచి లాయర్ కావాలన్న తమ సంకల్పాన్ని ఇంకొకరు చూసి గుర్తించారు అనుకున్న విద్యార్థులు, తర్వాత ఇచ్చిన కేసుల పని మీద తక్కువసేపు కూర్చున్నారు. సంకల్పాన్ని తమలోనే ఉంచుకున్నవాళ్లు ఎక్కువసేపు కూర్చున్నారు. నలుగురూ భేష్ అనేసరికి సగం లాయర్ అయిపోయినట్టే ఉంటుందన్నమాట. మేనత్త వాయిస్ మెసేజ్ విన్నాక మనిషి బరువు నిజంగా తగ్గకపోయినా, తగ్గిన ఆనందం పూర్తిగా అందిపోయింది. ఆనందం అందాక కూడా చలిలో నడవడం అత్యాశ.

లక్ష్యాన్ని వాయిదా వేసేవాడికి మన పంచాంగం చేసినంత సాయం ఇంకెవరూ చేయలేరు. ఉగాదికి మొదలుపెడదామంటే ఎండలు ముదురుతాయి. నల్లగొండ ఎండ ఎరిగిన ఏ డాక్టరూ ఆ రోజుల్లో నడవమని గట్టిగా చెప్పడు. వైశాఖమంతా పెళ్లిళ్లు. జ్యేష్ఠంలో మృగశిర కార్తె, చేపల పులుసు, విత్తనాలు, స్కూలు ఫీజులు. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు, పైగా బోనాలు. శ్రావణంలో నోములు, వ్రతాలు, మిగిలిపోయిన పెళ్లిళ్లు. భాద్రపదంలో వినాయకుడు తొమ్మిది రోజులు గల్లీలో కూర్చుంటాడు, ఆయన్ని వదిలి నడకకు ఎలా వెళ్తాం? ఆయన నీళ్లలోకి వెళ్లాక పెత్రామాస దాకా పెద్దల రోజులు. ఆ అమావాస్య నాడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది కాబట్టి మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. దసరాకు తిన్న యాట మాంసం అరిగేసరికి దీపావళి. కార్తీకంలో పాలమూరు వాళ్లకు కురుమూర్తి జాతర, అందరికీ ఉపవాసాలు, నీరసం. ఆ తర్వాత మాల వేసుకున్న స్వాములను వేరే లక్ష్యాల గురించి అడగడమే అపచారం. పుష్యం శూన్యమాసం. మాఘం అన్ని విధాలా మంచి మాసమే, అందుకే చెర్వుగట్టు, మన్యంకొండ, రెండేళ్లకోసారి వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలన్నీ అక్కడే పడ్డాయి. ఫాల్గుణంలో పిల్లలకు పరీక్షలు. రాసేది పిల్లలే అయినా ఆ నెలలో తల్లిదండ్రులు సొంత పనులన్నీ మానుకోవడం ఆనవాయితీ. వీటి మధ్య ఎక్కడో మూఢం వస్తుంది, అది బోనస్. అధికమాసం వస్తే అన్ని గడువులకూ ఇంకో నెల కలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా, "మీవాళ్లకు అనుకున్న పని అనుకున్న టైముకు చేయడం రాదు" అని ఎవరైనా అంటే, వాళ్లకు మన ప్రాంత చరిత్ర తెలియదని అర్థం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాళ్లు పేర్చి, లక్షల చేతులతో ప్రపంచంలోనే అతి పెద్ద రాతి ఆనకట్ట కట్టడానికి అన్నేళ్లు పట్టిందంటే, ఇప్పుడు మిషన్లు ఉన్నాయి కాబట్టి ఎంత త్వరగా అవుతుందో ఊహించుకోవచ్చు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెన దగ్గర శిలాఫలకం వేశారు. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో మొదటి పంపు తిప్పారు. పంపు తిరగడం చూశాం, టీవీలో నీళ్లు ఎగిసిపడడం చూశాం, చప్పట్లు కొట్టాం. పొలంలోకి నీళ్లెప్పుడని అడిగేవాడు ఎనిమిదింటికి ఇడ్లీ తినే టైములో నడకెప్పుడని అడిగేవాడి లాంటివాడే.

శ్రీశైలం ఎడమగట్టు సొరంగం మీద మాత్రం నాకు నవ్వు రాదు. 2005లో కాంట్రాక్టు కుదిరి, ఐదేళ్లలో అయిపోవాల్సిన దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది అందులో చిక్కుకుపోయినప్పుడు ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాల్సి ఉంది. ఆలస్యం కాగితం మీద ఉన్నంతసేపే వ్యంగ్యానికి పనికొస్తుంది.

కాగితం మీది ఆలస్యానికి శాస్త్రంలో ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరుంది. డానియల్ కానమన్, ఏమాస్ ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు, మనిషి తన పనికి పట్టే టైమును ఎప్పుడూ తక్కువే వేసుకుంటాడని. 1994లో కెనడాలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులను మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగితే, సగటున సుమారు 34 రోజులన్నారు. అన్ని అవాంతరాలూ ఒకేసారి వచ్చిపడితే? సుమారు 49 అన్నారు. అయ్యింది మాత్రం సగటున 55 రోజులకు. చూశారా, ఇంజనీర్లను అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం. "గిట్ల పోయి గట్ల వస్త" అని చెప్పి మిర్యాలగూడ పోయిన మామ మర్నాడు వస్తే ఆయన మీద విచారణ కమిషన్ వేస్తున్నామా?

ఈ మధ్య మన టౌన్లలో కొత్తగా ఇంకో వ్యాపారం మొదలైంది. ఫంక్షన్ హాల్లో మోటివేషన్ క్లాసులు. మీలో నిద్రపోతున్న సింహాన్ని లేపుతామని ఫ్లెక్సీ. హైదరాబాద్ నుంచి వచ్చిన సార్ సూటు వేసుకుని, మైకు చెవికి తగిలించుకుని, తెర మీద మనిషి అవసరాలను ఒకదాని మీద ఒకటి పేర్చిన, మాస్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త గారి ఐదు మెట్ల పిరమిడ్ చూపిస్తాడు. 1943లో మాస్లో రాసిన వ్యాసంలో పిరమిడ్డు లేదు, అది తర్వాతివాళ్లు గీసింది. సరే, బొమ్మ బాగుంది. అన్నింటికంటే కింది మెట్టు ఆకలి, దాహం. పైన ఎక్కడో ఆత్మసాఫల్యం. ఒంటిగంటకు బగారా అన్నం వాసన రాగానే హాలు మొత్తం ఒక్క ఉదుటున కింది మెట్టుకు దిగింది. సూటు సారే అందరికంటే ముందు ప్లేటు పట్టుకున్నాడు.

ఆ సార్లు తప్పకుండా చెప్పే ఇంకో మాట, ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని. దీని మూలం వెతికితే మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర తేలుతుంది. ఆపరేషన్ అయిన మనిషి అద్దంలో తన కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. దాన్నే మనం పొద్దున లేవడానికి, ఇంగ్లీష్ నేర్చుకోవడానికి, గుట్కా మానడానికి వాడుతున్నాం. లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందిని వెంబడించి చూసి 2010లో అచ్చు వేసిన లెక్క వేరు: ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 రోజులు, మధ్యస్థంగా 66. 254 రోజులంటే మన పంచాంగంలో ఎన్ని పండుగలు దాటాలో పైన చెప్పాను, మళ్లీ చెప్పను.

పట్టుదల ఉన్నవాళ్లు మన దగ్గర లేరా అంటే, మునుగోడు, చండూరు వైపు వెళ్లి ఒక బత్తాయి రైతును కలవండి. మొదటి బోరులో దుమ్ము లేచింది. రెండోదానిలో రెండు రోజులు తడి వచ్చి ఆగింది. మూడోదానికి కొబ్బరికాయ పట్టే ఆయన్ని పిలిపించాడు. ఆయన అరచేతిలో కాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరిగాడు, గట్టు పక్కన కాయ లేచి నిలబడింది. అక్కడే వేశారు, తెల్లటి రాతిపొడి వచ్చింది. నాలుగోదానికి పరికరంతో జియాలజిస్టు వచ్చాడు. ఆయనకు కాయాయన కంటే ఫీజు ఎక్కువ, దుమ్ము మాత్రం అంతే. ఐదోదానికి భార్య మెడలోది బ్యాంకుకు వెళ్లింది. ఇప్పుడు ఆరో బోరు గురించి రిగ్గు ఏజెంటుతో మాట్లాడుతున్నాడు, ఇంకో రెండు వందల అడుగులు పోతే తప్పకుండా పడతాయట.

దీనికీ పరిశోధన ఉంది. 1985లో హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అచ్చు వేసిన పేపర్ ప్రకారం, నాటకాల సీజన్ టిక్కెట్టు పూర్తి ధరకు కొన్నవాళ్లు, తగ్గింపు ధరకు దొరికినవాళ్ల కంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకం అందరికీ ఒకటే. పెట్టిన డబ్బు మనిషిని కూర్చోబెట్టింది. బత్తాయి రైతు కూడా అంతే అని టౌన్లో జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి రెండో వారం మానేసిన సార్ వివరిస్తాడు. పెట్టిన పైసల మీద ఆశ చావక ఇంకా పెడుతున్నాడు, మొండి అంటాడు. మధ్యలో ఆపినవాడికి పట్టుదల లేదు, ఆపనివాడు మొండి. మరి ఈ రెండింటికీ తేడా ఎక్కడుందని నేను చాలా దూరం విచారించాను. నీళ్లు పడితే పట్టుదల, పడకపోతే మొండితనం. బోరు వేసేటప్పటికి ఏదో తెలియదు.

ఆ రైతు ఉద్దేశం ఏమిటని కూడా బెంచీ మీద చర్చ జరిగింది. పక్క చేను వాడితో పంతమని కొందరు, సబ్సిడీ ఏదో వస్తుందని కొందరు. నాలుగైదేళ్లు బిడ్డల్లా పెంచిన చెట్లు కళ్ల ముందు ఎండుతున్నాయని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాటలో లోతు లేదని తోసిపుచ్చారు.

ఇంతటి వైభవానికి ప్రమాదం ఒక్కటే కనిపిస్తోంది, అది 1965 నుంచే పొంచి ఉంది. యేల్ యూనివర్సిటీలో హోవర్డ్ లెవెంతాల్, మరో ఇద్దరు కలిసి విద్యార్థుల చేత ధనుర్వాతం టీకా వేయించాలనుకున్నారు. కొందరికి ఆ జబ్బు ఎంత భయంకరమో బొమ్మలతో సహా పుస్తకం ఇచ్చారు. చదివినవాళ్లు వణికిపోయారు, టీకా చాలా ముఖ్యమని రాసిచ్చారు. ఉద్దేశం బంగారం. వెళ్లి వేయించుకున్నది మాత్రం వందలో ముగ్గురు. ఇంకో గుంపుకు ఆ పుస్తకంతో పాటు ఆస్పత్రి ఎక్కడుందో గుర్తు పెట్టిన క్యాంపస్ మ్యాప్ ఇచ్చి, నీ వారంలో ఏ రోజు ఏ టైముకు వెళ్తావో చూసుకోమన్నారు. ఈసారి వందలో దాదాపు 28 మంది వెళ్లారు. ఆస్పత్రి ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు, అదే క్యాంపస్‌లో చదువుతున్న పిల్లలే. మ్యాప్ ముక్క, టైము, అంతే. గోల్విట్జర్ కూడా తర్వాత ఏళ్ల తరబడి ఇదే చెబుతూ వచ్చాడు: ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే అనుకున్నవాడికి పని జరిగే అవకాశం పెరుగుతుందని.

ఎంత చప్పటి ఫలితం! ఎందుకు అనే మహా ప్రశ్న అందులో లేనే లేదు. ఇదే నిజమని జనం నమ్మితే ఫంక్షన్ హాళ్లు పెళ్లిళ్ల మీదే బతకాలి, ఫ్లెక్సీల మీది సింహాలు నిద్రలోనే పోవాలి, గడియారం సెంటర్ బెంచీలు పాత సామాన్లోడికి తూకానికి వెళ్లాలి. ప్రభుత్వం వెంటనే కల్పించుకుని, "ఎప్పుడు, ఎక్కడ" అని అడిగేవాళ్ల మీద తగిన చర్య తీసుకోవాలని, శంకుస్థాపన జరిగిన ప్రతి పనినీ, అది మనిషిదైనా ప్రాజెక్టుదైనా, పూర్తయిన పనుల జాబితాలోనే రాయాలని మనవి.

నా వాదనకు బలం కోసం, పని పూర్తి చేసేవాళ్ల అంతరంగంలో ఎంత లోతైన ప్రేరణ ఉంటుందో తెలుసుకుందామని జడ్చర్ల చౌరస్తాలో ఒక మేస్త్రీని పట్టుకున్నాను. పాలమూరు లేబర్ అంటే తెలుసు కదా, దేశంలో ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి పని చేసినవాళ్లు, సొంత ఊరికి నీళ్లు రాకముందు ఊరూరికీ నీళ్లు ఇచ్చినవాళ్లు. వాళ్ల చేత పని ఎలా చేయిస్తారన్నా, వాళ్లకు స్ఫూర్తి ఏమిటని అడిగాను. ఆయన బీడీ తీసి నావైపు చూశాడు.

"స్ఫూర్తి ఏంది సారూ? రాత్రే చెప్త. పొద్దుగాల ఐదున్నరకు ఈ చింతచెట్టు కింద పార పట్టుకొని నిలబడుండ్రి అంట. నిలబడుతరు."

"రాకపోతే?"

"అడ్వాన్సు తీసుకున్నంక రాకెట్లుంటరు?"

దీని లోపల ఇంకేదో ఉండి ఉంటుందని, లోతైన ప్రశ్న ఒకటి వేయబోయాను. ఇంతలో డీసీఎం వచ్చింది. పారలు, గంపలు, ఒక సద్ది మూట, ఒక చంటిపిల్ల, పద్నాలుగు మంది ఎక్కారు. "జరుగు సారూ, టైమైంది" అని నన్ను పక్కకు తప్పించి, మేస్త్రీ వెనక తలుపు గొళ్లెం పెట్టాడు.